అన్నీ ఒకేసారి విత్తాలా, విడతలుగానా?

శ్రీకాకుళంలో చలి నాగుల చవితి దాటాక మొదలవుతుంది. రథసప్తమికి అరసవల్లి వెళ్ళొచ్చేసరికి ఎండ చురుక్కుమంటుంది. కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్, కాలీఫ్లవర్ అన్నీ ఈ మూడు నెలల్లోనే పండాలి. మా పెరట్లో ఉన్నవేమో నాలుగు మళ్ళు.

మొదటి ఏడాది అన్నీ ఒకే ఆదివారం విత్తేశాను. ఒకసారే తవ్వకం, ఒకసారే ఎరువు, హాయిగా ఉంది. తీరా ముల్లంగంతా ఒకే వారంలో ఊరింది. పంచగా మిగిలింది పది రోజులు ఆగి పీకితే లోపలంతా బెండే. కొత్తిమీర సంక్రాంతికి ముందే పూతకొచ్చేసింది. పండక్కి కట్టలు బజార్లో కొనుక్కున్నాం.

మరుసటి ఏడు పది రోజులకో సాలు చొప్పున విత్తాను. ఇది నయమే కానీ, పది రోజుల లెక్క నిలవలేదు. చలి ముదిరే కొద్దీ మొక్క నిదానిస్తుంది. నవంబరులో పది రోజుల తేడాతో వేసిన సాళ్ళు రెండు వారాల తేడాతో కోతకొచ్చాయి. జనవరిలో వేసినవి ఎండ తగలగానే ముందువాటిని అందేసుకున్నాయి. అందుకే ఇప్పుడు నవంబరులో వారానికో సాలు, సంక్రాంతి దగ్గర పడ్డాక రెండు వారాలకొకటి వేస్తున్నాను. ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టినా మొలకకు పది రోజులు పడుతుంది. ఓసారి మొలవలేదనుకుని మా అత్తగారు అదే సాల్లో మెంతులు చల్లేశారు. రెండూ కలిసే వచ్చాయి!

విడతల్లో ఇంకో లాభం తుఫాను భయం తగ్గడం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి నెలలో విత్తనమంతా నేలపాలు చేయడానికి నాకు ధైర్యం చాలదు.

వారం వారం మట్టిలో దిగే తీరిక లేకపోతే, కాలపరిమితి వేరుగా ఉన్నవి ఒకే రోజు వేయండి. మెంతికూర నెలలోపు, ముల్లంగి నెలన్నరలో, క్యారెట్ మూడు నెలలకు చేతికొస్తాయి. క్యారెట్ సాళ్ళ మధ్య ముల్లంగి వేస్తే, క్యారెట్‌కి చోటు కావాల్సి వచ్చేసరికి అది వెళ్ళిపోతుంది.

నా ఓటు ఆకుకూరలకు, ముల్లంగికి విడతలకే. క్యారెట్, కాలీఫ్లవర్ మాత్రం ఒక్కసారే, అదీ త్వరగా. నారు ఆలస్యమైతే ఎండకు కాలీఫ్లవర్ పువ్వు గట్టిపడక విచ్చుకుపోతుంది. జనవరి ఆఖరున ఖాళీ అయిన సాల్లో కొత్తిమీర ఆశ వదిలేసి తోటకూర చల్లుతాను.