మెనింజైటిస్ బి టీకా: బ్యాక్టీరియా పొరంతా చూపించాలా, ఎంచిన ప్రోటీన్లు సరిపోతాయా?

అమెరికా చదువులకు వెళ్లే పిల్లల మెడికల్ ఫారాల్లో ‘మెనింజైటిస్ టీకా’ అని ఉంటుంది. అదొక్కటి వేయిస్తే పని అయిపోయిందని చాలా ఇళ్లలో అనుకుంటారు. మామూలుగా వేసేది ఎ, సి, డబ్ల్యూ, వై అనే నాలుగు రకాల మెనింగోకాకస్‌ (మెదడు పొరల్లో వాపు తెచ్చే బ్యాక్టీరియా) మీద పనిచేసే టీకా. బి రకం అందులో ఉండదు. ఎందుకు ఉండదో ఆ బ్యాక్టీరియా ఒంటిని చూస్తే అర్థమవుతుంది.

ఆ నాలుగింటి చుట్టూ ఉండే చక్కెర తొడుగును తీసి, ఒక ప్రోటీన్‌కు అతికించి టీకాగా ఇస్తారు. బి రకానికి ఈ దారి పనికిరాదు. దాని తొడుగులో ఉండే పాలీసియాలిక్ ఆమ్లం గొలుసే గర్భంలోని బిడ్డ మెదడు కణాల మీదా ఉంటుంది. అందుకే మన ఒళ్లు దాన్ని పరాయిదిగా గుర్తించి గట్టిగా ఎదిరించదు. ఇక మిగిలింది తొడుగు కింద ఉన్న బయటి పొర, అందులోని ప్రోటీన్లు. అక్కడినుంచి దారి రెండుగా చీలింది: పొరను బుడగలుగా తీసి మొత్తంగా చూపించడం ఒకటి, అందులో పనికొచ్చే ప్రోటీన్లను ఏరి చూపించడం ఇంకొకటి.

ఏది మేలో తేల్చాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. మెనింగోకాకస్‌ను చంపడంలో ముఖ్యమైన పని కాంప్లిమెంట్‌ది. అంటే యాంటీబాడీ వెళ్లి అతుక్కున్న చోట బ్యాక్టీరియా పొరకు చిల్లులు పొడిచే రక్తంలోని ప్రోటీన్ల దండు. ఆ దండులో సి5 నుంచి సి9 దాకా ఏ ఒక్కటి పుట్టుకతో లేకపోయినా ఈ జబ్బు మళ్లీ మళ్లీ వచ్చే ముప్పు ఉంటుంది. కాబట్టి యాంటీబాడీలు ఎన్ని పుట్టాయన్నది ఒక్కటే చూస్తే చాలదు, అవి కాంప్లిమెంట్‌ను పిలిచి బ్యాక్టీరియాను చంపించాలి.

అన్ని ప్రోటీన్ల మీద పుట్టే యాంటీబాడీలు ఈ పని చేయవు. కొన్ని చెరుపు కూడా చేస్తాయి. మెనింగోకాకస్‌కు దగ్గరి చుట్టం, లైంగికంగా సోకే గనేరియా బ్యాక్టీరియా. దాని పొరలోని ఆర్‌ఎంపీ ప్రోటీన్‌కు అతుక్కునే యాంటీబాడీలు, చంపగల యాంటీబాడీలకు అడ్డుపడతాయి. నైరోబీలో జరిగిన పరిశోధనలో ఈ యాంటీబాడీలు ఉన్న మహిళలకు గనేరియా ఎక్కువగా సోకింది. ఇలాంటి పొరలోనే ఉండే ఓపా ప్రోటీన్లు మన టీ కణాల (ఒక రకం రోగనిరోధక కణాలు) మీది సీకామ్1 అనే ప్రోటీన్‌ను పట్టుకుని వాటిని మందగింపజేస్తాయి. అదే పొరలోని పోర్‌బీ ప్రోటీన్ మాత్రం టీఎల్‌ఆర్2 అనే హెచ్చరిక గంటలాంటి గ్రాహకం ద్వారా రోగనిరోధక కణాలను తట్టిలేపుతుంది. ఒకే పొరలో సాయపడేవీ, అడ్డుపడేవీ కలిసే ఉంటాయన్నమాట.

పొర బుడగల దారిలో క్యూబా, నార్వే, న్యూజీలాండ్ నడిచాయి. బ్యాక్టీరియాను పెంచి, డిటర్జెంట్‌తో పొరను బుడగలుగా విడదీసి, విషపు కొవ్వును చాలావరకు తగ్గించి టీకా చేస్తారు. ప్రోటీన్లు తమ సహజ ఆకారంలోనే ఉండటం దీని బలం. ఇక బలహీనత పోర్‌ఏ. మన ఒళ్లు ముందు చూసేది ఆ ప్రోటీన్‌నే, కానీ అది ఒక్కో స్ట్రెయిన్‌లో (ఒకే రకంలోని ఉపరకం) ఒక్కోలా ఉంటుంది. పసిపిల్లల్లో రక్షణ దాదాపు టీకాలో ఉన్న స్ట్రెయిన్‌కే పరిమితం. క్యూబా టీకాను బ్రెజిల్‌లోని సావోపాలోలో వేసినప్పుడు నాలుగేళ్లు దాటిన పిల్లలకు 74 శాతం రక్షణ కనిపించింది. రెండేళ్లలోపు వారికి లాభం కనిపించలేదు. జబ్బు ఎక్కువగా వచ్చేది ఆ పసివాళ్లకే కదా.

న్యూజీలాండ్ పరిస్థితి వేరు. అక్కడ 1991లో మొదలైన మహమ్మారికి ప్రధానంగా ఒకే స్ట్రెయిన్ కారణం. దాని బుడగలతోనే టీకా చేసి, 2004 నుంచి సుమారు 11 లక్షల మంది పిల్లలకు, యువతకు వేశారు. అలాంటి చోట ఇంతకన్నా మంచి ఎంపిక లేదని నా అభిప్రాయం.

అనేక స్ట్రెయిన్లు తిరిగే చోట ఏం చేయాలి? ఇటలీలో రీనో రాపూవోలీ బృందం బి రకంలోని ఎంసీ58 అనే స్ట్రెయిన్ జీనోమ్‌తో (మొత్తం జన్యువుల పటం) మొదలుపెట్టింది. అది 2000లో ప్రచురితమైంది. జీనోమ్‌లోంచే పొర మీద ఉండగల ప్రోటీన్లను వెతికి, చంపే యాంటీబాడీలు పుట్టించేవాటిని ఏరారు. వాటిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఎఫ్‌హెచ్‌బీపీ. మన రక్తంలో ఫ్యాక్టర్ హెచ్ అనే ప్రోటీన్ ఉంది. కాంప్లిమెంట్ మన సొంత కణాల మీద పడకుండా కాపాడటం దాని పని. ఎఫ్‌హెచ్‌బీపీ ఆ ఫ్యాక్టర్ హెచ్‌ను పట్టి తన ఒంటికి తగిలించుకుంటుంది. దాంతో బ్యాక్టీరియా మన కణంలా చెలామణీ అవుతుంది. ఈ ప్రోటీన్‌కు యాంటీబాడీ అతుక్కుంటే రెండు లాభాలు: కాంప్లిమెంట్ వస్తుంది, మారువేషమూ ఊడుతుంది. ఒక చిక్కు కూడా ఉంది. టీకాలోని ఎఫ్‌హెచ్‌బీపీని మన ఫ్యాక్టర్ హెచ్ ముందే కప్పేస్తే రోగనిరోధక వ్యవస్థకు అది సరిగా కనబడదు. మనిషి ఫ్యాక్టర్ హెచ్ ఉన్న ఎలుకల్లో, దానికి అతుక్కోని మార్పు చేసిన ప్రోటీన్ మెరుగ్గా పనిచేసింది.

ఈ ఏరిన ప్రోటీన్ల దారిలో వచ్చిన టీకా ట్రుమెన్‌బాలో రెండు రూపాల ఎఫ్‌హెచ్‌బీపీ మాత్రమే ఉంటుంది, కొవ్వు తోకతో సహా. ఆ తోక టీఎల్‌ఆర్2ను గట్టిగా తడుతుంది. పసిపిల్లల్లో చేసిన పరీక్షలో జ్వరాలు మరీ ఎక్కువై దాన్ని మధ్యలోనే ఆపేశారు. అమెరికాలో ఈ టీకా 10 నుంచి 25 ఏళ్ల వారికి. బెక్సెరో అనే మరో టీకా రెండు దారులనూ కలిపింది. ఎఫ్‌హెచ్‌బీపీ, నాడ్‌ఏ, ఎన్‌హెచ్‌బీఏ అనే ఏరిన ప్రోటీన్లతో పాటు న్యూజీలాండ్ బుడగలు కూడా అందులో ఉన్నాయి. దీనికీ జ్వరం వస్తుంది, కానీ పారాసెటమాల్‌తో సర్దుకుంటుంది. బ్రిటన్ 2015 సెప్టెంబరు నుంచి పసిపిల్లలకు దీన్నే వేస్తోంది. మొదటి ఏడాదిలో రెండు డోసులకు దాదాపు 83 శాతం రక్షణ లెక్కతేలింది. పసిపిల్లలకైతే బెక్సెరోనే మేలని సందేహం లేకుండా చెప్పగలను.

బుడగల కాలం చెల్లిందని అనుకుంటున్న సమయంలో 2017లో న్యూజీలాండ్ నుంచి మరో వార్త వచ్చింది. పాత బుడగల టీకా వేసుకున్న యువతలో గనేరియా 31 శాతం తక్కువగా ఉంది. ఏరిన ప్రోటీన్లు అందులో లేవు, కాబట్టి ఆ ఘనత పొరదే. ఫ్రాన్స్‌లో బెక్సెరోతో జరిగిన డాక్సీవ్యాక్ ట్రయల్ మాత్రం గనేరియా మీద స్పష్టమైన లాభం చూపలేదు. అయినా ఇంగ్లండ్ 2025 ఆగస్టులో ముప్పు ఎక్కువున్న పురుషులకు దీన్ని వేయడం మొదలుపెట్టింది. నేనైతే ఆ నిర్ణయాన్ని సమర్థిస్తాను. గనేరియా ఒక్కో యాంటీబయాటిక్‌కూ లొంగకుండా పోతోంది, చేతిలో ఉన్న కొద్దిపాటి రక్షణైనా వాడుకోవాలి.

ఒక పరిమితి మాత్రం గుర్తుంచుకోవాలి. దక్షిణ ఆస్ట్రేలియాలో సుమారు 35,000 మంది విద్యార్థులతో చేసిన ట్రయల్‌లో బెక్సెరో గొంతులోని బ్యాక్టీరియాను తగ్గించలేదు. అంటే పక్కవాడు వేసుకున్న టీకా మన పిల్లలను కాపాడదు.

అమెరికా హాస్టల్‌కు వెళ్లే మన పిల్లల విషయంలో ట్రుమెన్‌బా, బెక్సెరో రెండూ పనికొస్తాయి. 16 నుంచి 23 ఏళ్ల వారు డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోవాలని అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. మొదటి డోసు ఏది వేస్తే మిగతావీ అదే వేయాలి, ఒకదాని బదులు ఇంకొకటి కుదరదు. బ్రాండ్ పేరు, తేదీ రాసి ఉన్న కార్డును పాస్‌పోర్టుతో పాటే పెట్టి పంపండి.