ఉద్యోగం పోయిన లైబ్రేరియన్‌కు మెరిట్ ఫండ్: ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో పుస్తకాన్ని అలమరలోంచి తీసేయనన్నందుకు లైబ్రేరియన్ల ఉద్యోగాలు పోతున్నాయి. వయోమింగ్‌లోని క్యాంప్‌బెల్ కౌంటీ లైబ్రరీ డైరెక్టర్ టెర్రీ లెస్లీని 2023 జులైలో తీసేశారు. ఆమె దావా 7 లక్షల డాలర్లకు రాజీ అయ్యేసరికి 2025 అక్టోబరు వచ్చింది. ఇలా నిలబడినవాళ్లను గౌరవించే అవార్డులకు అక్కడ కొదవలేదు. కానీ ఆ రెండేళ్లూ అద్దె, కరెంటు బిల్లు, మందుల ఖర్చు ఎవరు చూస్తారు? సరిగ్గా ఆ అవసరానికే పెట్టింది లెరాయ్ సి. మెరిట్ హ్యూమానిటేరియన్ ఫండ్. మా లెక్కలో దీనికి ఐదుకు నాలుగు మార్కులు.

దీని పుట్టుక ఒక సన్మానంలోనే ఉంది. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు లైబ్రరీ స్కూలు 1969లో రాబర్ట్ బి. డౌన్స్ పేరిట మేధాస్వేచ్ఛ (ఏదైనా చదివే, ఆలోచించే హక్కు) పురస్కారం మొదలుపెట్టింది. తొలి గ్రహీత లైబ్రరీ సైన్స్ ఆచార్యుడు లెరాయ్ మెరిట్. దాంతో వచ్చిన 500 డాలర్లను ఆయన తన దగ్గర ఉంచుకోకుండా, ఉద్యోగాలు పోగొట్టుకునే లైబ్రేరియన్ల సాయానికి ఇచ్చేశారు. 1970లో ఆయన పోయాక ఫండుకు ఆయన పేరే నిలిచింది. శాలువా కప్పించుకుని ఫొటో దిగి ఇంటికెళ్లే సభలు చూసీ చూసీ అలవాటైన మనకు ఇది కాస్త కొత్తగానే ఉంటుంది.

రెండు రకాల వాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చు. పుస్తకాల ఎంపిక స్వేచ్ఛ కోసమో, పాఠకుల గోప్యత కోసమో నిలబడి ఉద్యోగం పోయినవాళ్లు, పోయే ప్రమాదంలో ఉన్నవాళ్లు మొదటి రకం. జాతి, మతం, వయసు, వైకల్యం, లింగం, పుట్టిన దేశం వంటి కారణాలతో ఉద్యోగంలో వివక్షకు గురైన లైబ్రేరియన్లు రెండో రకం. ఈ రెండోది చాలామంది గమనించరు. అక్కడి లైబ్రరీల్లో పనిచేసే తెలుగువాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

అసలు చిక్కంతా రుజువులో ఉంది. పుస్తకం తీయనందుకే తొలగిస్తున్నామని ఏ ఉత్తర్వులోనూ రాయరు. టెక్సాస్‌లోని లానో కౌంటీలో 2022 మార్చిలో లైబ్రేరియన్ సుజెట్ బేకర్‌ను తీసేసినప్పుడు కూడా కాగితం మీద కనిపించింది ఆదేశాల ధిక్కారమే. అందుకే దరఖాస్తును ఫండు ట్రస్టీల ముందు పెట్టేటప్పుడు తేదీలే మాట్లాడాలి. ఫిర్యాదు ఎప్పుడొచ్చింది, తీసేయమని ఎవరు ఎప్పుడు చెప్పారు, మీరేం జవాబిచ్చారు, మొదటి మెమో ఎప్పుడందింది అన్నవి ఒక్క పేజీలో వరసగా రాయండి. మంచి రిపోర్టులు వస్తూ వస్తూ ఫిర్యాదు తర్వాత మూడు వారాలకే మెమో పడిందంటే, చదివేవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. ఆ పేజీకి లైబ్రరీ పుస్తక ఎంపిక విధానం ప్రతి, పుస్తకంపై ఫిర్యాదుకు వాడే పునఃపరిశీలన ఫారం, తొలగింపు ఉత్తర్వు, పాత పనితీరు నివేదికలు, నెలవారీ ఖర్చుల లెక్క జతచేయండి.

ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఆఫీసు మెయిల్ దగ్గర. తొలగించిన రోజే లాగిన్ పోతుంది, ఆధారాలూ దాంతోనే పోతాయి. కాబట్టి మీకు వ్యక్తిగతంగా ఇచ్చిన మెమోలు, నివేదికల ప్రతులు ముందే ఇంట్లో ఉండాలి. ఉత్తరప్రత్యుత్తరాలు సొంత మెయిల్ నుంచే జరపాలి. పాఠకుల పేర్లు, ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారన్న వివరాలు మాత్రం ఒక్క కాగితంలోనూ కనిపించకూడదు. గోప్యత కోసం నిలబడ్డామంటూ ఆ జాబితానే జతచేస్తే కేసు అక్కడే తేలిపోతుంది.

మిగతా ఒక్క మార్కు ఎందుకు కోశామంటే, ఇది విరాళాల మీద నడిచే నిధి. జీతమంత వస్తుందని లెక్క వేసుకోకూడదు. హెచ్‌-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఫండు అద్దెకు సాయపడుతుందేమో గానీ ఆ గడువును పొడిగించలేదు. అందుకే ముందు ఇమిగ్రేషన్ లాయరు, తర్వాతే దరఖాస్తు. కోర్టు పోరాటం దీని పని కాదు, దానికి 1969లోనే పుట్టిన ఫ్రీడమ్ టు రీడ్ ఫౌండేషన్ ఉంది.

ఇక అవార్డులు. ఇమ్రోత్ అవార్డు వ్యక్తిగత సాహసానికి ఇస్తారు, ప్రశంసాపత్రంతో పాటు 500 డాలర్లు. ఫ్రీడమ్ టు రీడ్ ఫౌండేషన్ రోల్ ఆఫ్ ఆనర్ (గౌరవ జాబితా) 1987 నుంచి ఉంది. గౌరవం పెద్దదే. పిల్లల రచయిత లెమొనీ స్నికెట్ పేరిట 2014లో మొదలైన బహుమతి 3,000 డాలర్ల నుంచి 10,000కు పెరిగింది. దాంతో పాటు ఒక వింత వస్తువు కూడా ఇస్తారు!

వీటికి ఎవరి పేరైనా పంపేముందు ఆ మనిషిని అడగండి. 2005లో లైబ్రరీ వాడకందారుల వివరాలు అడిగిన ఎఫ్‌బీఐ ఉత్తరాన్ని ఎదిరించిన కనెక్టికట్ లైబ్రేరియన్లు నలుగురికీ 2006 వరకు దాని గురించి నోరు విప్పడానికి వీల్లేకపోయింది. అలాంటప్పుడు సన్మానం కూడా ముప్పే. దావా నడుస్తుంటే నామినేషన్ లేఖలో మీరు ఉత్సాహంగా రాసిన ఒక్క వాక్యం అవతలి లాయరు చేతిలో పడొచ్చు. లేఖను ముందు వాళ్ల లాయరుకు చూపించి, ఆయన కొట్టేసినవి కొట్టేసి పంపండి.