గండు చీమా, ఎల్లో క్రేజీ యాంటా: పెంచడానికి ఏది మేలు?

"మామా, గండు చీమలు పెరిగేసరికి ఏడాది పడుతుందంట. క్రేజీ యాంట్స్ అయితే తొందరగా డబ్బా నిండుతయంట, తెచ్చుకోనా?" అని, డబ్బాలో చీమలు పెంచాలని సరదా పడుతున్న మా మేనల్లుడు దేవరకొండ నుంచి ఫోన్ చేశాడు. వద్దని గట్టిగా చెప్పాను.

వాడన్నది నిజమే. క్రేజీ యాంట్ పుట్టలో రాణులు చాలా ఉంటాయి, కాబట్టి సంఖ్య త్వరగా పెరుగుతుంది. సన్నటి పసుపు ఒళ్ళు, పొడవాటి కాళ్ళు, కుదురులేని పరుగు. చూడ్డానికి బాగుంటాయి. కానీ ఆ రాణులతోనే నాకు భయం. గండు చీమకు రాణి ఒక్కటే. పది కూలి చీమలు తప్పించుకున్నా కొన్నాళ్ళకు చచ్చిపోతాయి. క్రేజీ యాంట్స్‌లో ఒక రాణి కొన్ని కూలి చీమలతో నడిచి వెళ్ళిపోతే చాలు, గోడ అవతల కొత్త పుట్ట మొదలైనట్టే.

హిందూ మహాసముద్రంలో ఉన్న ఆస్ట్రేలియా వారి క్రిస్మస్ ద్వీపంలో ఇవి కోటికి పైగా ఎర్ర పీతలను చంపాయి. కుట్టవు, ఫార్మిక్ ఆమ్లం అనే మంట పుట్టించే ద్రవం చిమ్ముతాయి. 2022లో తమిళనాడు దిండిగల్ జిల్లా కరంతమలై కింది ఊళ్ళలో పశువుల కళ్ళ మీద పడుతున్నాయని రైతులు మొత్తుకున్నారు. మనవేమో బత్తాయి తోటలు. చెట్ల రసం పీల్చే పొలుసు పురుగులు, పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం ఈ చీమలు వాటికి కాపలా కాస్తాయి. గండు చీమలూ పేనుబంక దగ్గర చేరతాయి, కానీ ఇలా వేల రాణులతో తోటంతా కమ్ముకోవు. దేవరకొండకు అమ్రాబాద్ అడవి కూడా ఎంతో దూరం లేదు, తప్పించుకున్నవి అక్కడికీ పాకొచ్చు.

చీమలు బయటికి రాకుండా డబ్బా అంచుకు టాల్కం పౌడర్‌ను స్పిరిట్‌లో కలిపి పూస్తే ఎక్కలేవంటారు. వానాకాలం తేమకు ఆ పూత నిలవదు. పళ్ళెంలో నీళ్ళు పోసి పెడితే మే నెల ఎండకు సాయంత్రానికే ఇంకిపోతాయి. గండు చీమల విషయంలో ఆ పొరపాటుకు నష్టం తక్కువ.

అందుకే వాడికి చెప్పాను: తొలకరి పడ్డాక సాయంత్రం దీపాల కింద చూడు, రెక్కలు రాలిన పెద్ద రాణి దొరుకుతుంది. టెస్ట్ ట్యూబ్‌లో సగం నీళ్ళు పోసి దూదితో బిగించి, మిగతా సగంలో రాణిని వదిలి, మూతికి దూది పెట్టి చీకట్లో ఉంచు. కూలి చీమలు పుట్టేదాకా తిండి అక్కర్లేదు, ఒంట్లో దాచుకున్న బలంతోనే సాకుతుంది. నెలన్నర ఓపిక పట్టు. రోజూ తీసి చూడకు, బెదిరితే తన గుడ్లు తనే తినేస్తుంది.