ఆల్గాంక్విన్ స్ప్రూస్ అడవి: పిట్టల కోసం ఎప్పుడు వెళ్లాలి, ఎక్కడ ఉండాలి

కెనడాలోని టొరంటో, మిస్సిసాగా వైపు నుంచి ఆల్గాంక్విన్ పార్కుకు వెళ్లే తెలుగు కుటుంబాలు ఎక్కువగా సెప్టెంబరు చివర్లో, ఎర్రబారిన మేపుల్ ఆకులు చూడటానికే వెళ్తాయి. పిట్టల కోసమైతే ఆ సమయం వద్దు. వార్బ్లర్లనే చిన్న పాటపిట్టల్లో చాలా భాగం అప్పటికే దక్షిణానికి వెళ్లిపోతాయి, పార్కింగుకు చోటు దొరకడమూ కష్టమే. పాటలు వినాలంటే మే చివరి వారం నుంచి జూన్ మధ్య వరకు వెళ్లాలి. ఏడాదంతా ఇక్కడే ఉండే ఉత్తరాది పిట్టలను దగ్గరగా చూడాలంటే ఫిబ్రవరి, మార్చి నెలలు మంచివి. ఒకే ప్రయాణంలో రెండూ కుదరవు. మొదటిసారైతే చలికాలమే మేలు. జాతులు తక్కువే అయినా కంటికి కనిపిస్తాయి, దోమలుండవు.

టొరంటో నుంచి 400, 11 నంబరు హైవేల మీద హంట్స్‌విల్ చేరి, అక్కడ 60వ హైవే ఎక్కాలి. పశ్చిమ గేటుకు సుమారు మూడు గంటల ప్రయాణం. ఆ గేటు దగ్గర 0 నుంచి తూర్పు గేటు దగ్గర 56 వరకు కిలోమీటరు గుర్తులుంటాయి, పార్కులో ప్రతి చోటునూ ఆ లెక్కతోనే చెబుతారు. గట్ల మీద మేపుల్, పల్లాల్లో నల్ల స్ప్రూస్, బాల్సమ్ ఫర్, తమరాక్ అనే సూదాకుల చెట్లు పెరుగుతాయి. మనకు కావలసింది పల్లమే.

42.5 దగ్గరున్న స్ప్రూస్ బాగ్ బోర్డ్‌వాక్ 1.5 కిలోమీటర్ల చుట్టు. స్ఫాగ్నమ్ నాచు పరుచుకున్న బురద నేల మీద చెక్క దారి వేశారు. సమయం తక్కువైతే ఈ ఒక్కటి చాలు. చలికాలంలో కాకి కుటుంబానికి చెందిన బూడిదరంగు కెనడా జే పార్కింగు దగ్గరే ఎదురొస్తుంది, అరచేతి మీద కూడా వాలుతుంది. మంచు కరగక ముందే గూడు కట్టి గుడ్లు పెట్టే పిట్ట ఇది. శరదృతువులో ఏరుకున్న తిండిని జిగురు లాలాజలంతో ముద్ద చేసి బెరడు సందుల్లో అతికిస్తుంది, శీతాకాలమంతా, పిల్లలను మేపేటప్పుడు కూడా దాన్నే వాడుకుంటుంది. మేపుల్ బెరడు కింద కంటే స్ప్రూస్ బెరడు కింద ఆ నిల్వ బాగా ఆగుతుంది. శరదృతువు వెచ్చబడితే తిండి పాడవుతుంది. ఈ పార్కులో వాటి సంఖ్య సగానికి పైగా తగ్గడానికి పరిశోధకులు చెబుతున్న ప్రధాన కారణం అదే. 1960ల నుంచి సాగుతున్న పరిశీలన కోసం కాళ్లకు వేసిన రంగు రింగులు కొన్నింటికి కనిపిస్తాయి. జూన్‌లో మాత్రం జే గుట్టుగా తిరుగుతుంది, దాన్నే నమ్ముకుని వెళ్తే నిరాశే.

బోరియల్ చికడీ అనే చిన్న పిట్టకు గోధుమరంగు టోపీ ఉంటుంది, గొంతు బొంగురు. నల్లటోపీ చికడీల గుంపులో దాన్ని వెతకాలి. ముక్కు కొనలు కత్తెరలా దాటి ఉండే క్రాస్‌బిల్ ఉంటుందో లేదో కాయల పంట చెబుతుంది. స్ప్రూస్ కాయలు విరగకాసిన ఏడాది అవి నడిశీతాకాలంలోనూ పాటలు పాడి గూళ్లు కడతాయి, కాపు లేకపోతే పూర్తిగా వేరే ప్రాంతానికి పోతాయి. అందుకే బయలుదేరే ముందు కొమ్మల కొనల్లో కాయలున్నాయో లేదో ఇటీవల వెళ్లొచ్చినవారిని అడగండి. 43 దగ్గరి విజిటర్ సెంటర్‌లో చలికాలం గింజల తొట్లు పెడతారు, ఈవెనింగ్ గ్రోస్‌బీక్ అనే లావుముక్కు పిట్టలు అక్కడికే వస్తాయి. దాని వెనక డెక్ మీద నుంచి చెట్ల కొనలు కంటికి ఎదురుగా ఉంటాయి. మెడ ఎత్తి వార్బ్లర్లను వెతికి అలసినవారికి ఇంతకంటే మంచి చోటు లేదు.

15.4 దగ్గర మొదలయ్యే మిజ్జీ లేక్ దారి దాదాపు 11 కిలోమీటర్లు. ఒక పూటంతా పడుతుంది, కుక్కలను రానివ్వరు. పాత రైలుకట్ట భాగమే పిట్టలకు బాగుంటుంది.

జూన్‌లో సూర్యోదయం ఐదున్నరకు కాస్త ముందే. పాటలు అంతకు గంట ముందు మొదలై, తొమ్మిదికల్లా పలచబడతాయి. బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ పాట చివరి స్వరం 8 కిలోహెర్ట్జ్ దాటుతుంది, వయసు మళ్లిన చెవులకు అందకపోవచ్చు. వినికిడి బాగున్నవారిని వెంట ఉంచుకోండి. మెర్లిన్ యాప్ నెట్ లేకుండానే పాటలను గుర్తిస్తుంది గానీ, ఆ ప్రాంతపు ప్యాక్ ఇంట్లోనే దించుకోవాలి, పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. రికార్డు పాట వినిపించి పిట్టను రప్పించకండి. గూడు కాపాడుకునే వేళ మగపిట్ట మేత మానేసి, అక్కడ లేని శత్రువును వెతుక్కుంటుంది. బైనాక్యులర్ 8×42 (8 రెట్లు, 42 మి.మీ. కటకం) తీసుకోండి, గుబురు చీకట్లో చిన్న కటకం పనిచేయదు. మే మధ్య నుంచి జూన్ చివరి దాకా నల్ల ఈగలు కుడతాయి. లేత రంగు పొడుగు చేతుల చొక్కా, మేజోళ్లలోకి దోపిన ప్యాంటు, తలకు వల తప్పనిసరి.

పొద్దున్నే బోర్డ్‌వాక్ దగ్గర ఉండాలంటే హంట్స్‌విల్ బస పనికిరాదు, గంటకు పైగా నడపాలి. తూర్పు గేటు బయటి విట్నీ నుంచి ఇరవై కిలోమీటర్లలోపే. అన్నిటికంటే మంచిది 30.6 దగ్గరి మ్యూ లేక్ క్యాంపు, ఏడాదంతా తెరిచే ఉంటుంది. అక్కడి యర్ట్‌లలో (గదిలాంటి పెద్ద గుడారాల్లో) కరెంటు హీటరు, ఆరుగురికి మంచాలు ఉంటాయి. పక్కబట్టలు మనవే, వంట బయటే. బుకింగ్ 5 నెలల ముందే తెరుచుకుంటుంది, శనివారాలు త్వరగా అయిపోతాయి. కిలార్నీ లాడ్జి, అరోహన్ పైన్స్ సౌకర్యంగా ఉంటాయి, భోజనాలు అద్దెలో కలిసే ఉంటాయి. అయితే ఖరీదెక్కువ, చలికాలం మూసేస్తారు. రోజు పర్మిట్ 5 రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. శాకాహారులు పులిహోర, చపాతీలు కట్టుకెళ్లడమే నయం. పెట్రోలు హంట్స్‌విల్‌లోనో విట్నీలోనో నింపుకోండి. మే, జూన్‌లలో దుప్పిలా కనిపించే భారీ మూస్‌లు చలికాలంలో రోడ్డు మీద చల్లిన ఉప్పు కలిసి పక్క గుంటల్లో మిగిలిన నీటికి వస్తాయి, చీకట్లో బండి మెల్లగా నడపాలి.