లెకానెమాబ్, డొనానెమాబ్: ఏది నయం?

అల్జీమర్స్ తొలిదశకు వచ్చిన ఈ రెండు మందులూ మెదడులో పేరుకున్న అమైలాయిడ్ అనే ప్రొటీన్‌నే తొలగిస్తాయి. ట్రయల్స్‌లో లెకానెమాబ్‌ను రెండు వారాలకోసారి, డొనానెమాబ్‌ను నాలుగు వారాలకోసారి నరానికి ఎక్కించారు. స్కాన్‌లో అమైలాయిడ్ పోయిందని తేలితే డొనానెమాబ్‌ను ఆపేశారు. ప్రతిసారీ ఎవరో ఒకరు తోడు వెళ్లాలి కదా, ఇది చిన్న విషయమేం కాదు.

ఫలితానికొస్తే, 18 నెలల్లో లెకానెమాబ్, డమ్మీ మందుతో పోలిస్తే, జ్ఞాపకశక్తి, రోజువారీ పనుల్లో వచ్చే క్షీణతను 27 శాతం తగ్గించింది. వినడానికి ఘనంగానే ఉంది గానీ, ఆ క్షీణతను కొలిచే 18 పాయింట్ల కొలమానంలో ఆ తేడా 0.45 మాత్రమే! డొనానెమాబ్‌ది 35 శాతం అన్నారు. కొలమానం వేరు, రోగులూ వేరు, ఈ అంకెలతో పందెం కట్టలేం.

నన్ను ఆలోచింపజేసేది మెదడులో నీరు చేరి ఉబ్బడం. లెకానెమాబ్‌తో సుమారు 13 శాతం మందిలో, డొనానెమాబ్‌తో 24 శాతం మందిలో స్కాన్‌లో కనిపించింది. చాలామందికి లక్షణాల్లేవు, కొద్దిమందికి ప్రాణాల మీదకొచ్చింది. ఈ ఉబ్బు ముప్పును పెంచే ఏపీఓఈ4 అనే జన్యువు రెండు ప్రతులున్నవారికి యూరప్‌లో రెంటికీ అనుమతి లేదు. నాకైతే అదే సబబనిపిస్తుంది.