ఒకే ఇంజిన్, రెట్టింపు ధర: ప్రీమియం, బడ్జెట్ కాంపాక్ట్ ఎస్‌యూవీల మధ్య అసలు తేడా

మెర్సిడెస్ బెంజ్ జీఎల్ఏ 200లోనూ, రెండో తరం డస్టర్‌లోనూ బానెట్ ఎత్తి చూస్తే కనిపించేది మూలంలో ఒకే ఇంజిన్. 1,332 సీసీ సామర్థ్యంతో, నాలుగు సిలిండర్లతో, టర్బోచార్జర్‌తో ఉన్న ఈ పెట్రోల్ ఇంజిన్‌ను మెర్సిడెస్ అప్పటి మాతృసంస్థ డైమ్లర్, రెనో-నిస్సాన్ కూటమి కలిసి రూపొందించాయి. జీఎల్ఏలో అది 163 హార్స్‌పవర్ ఇస్తుంది. కొన్ని దేశాల్లో డాసియా పేరుతోనూ, మరికొన్నింటిలో రెనో పేరుతోనూ అమ్ముడైన డస్టర్‌లో 130, 150 హార్స్‌పవర్ రూపాల్లో వచ్చింది. వీటిలో 150 హార్స్‌పవర్ డస్టర్ ఇచ్చే గరిష్ఠ టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), జీఎల్ఏ 200 టార్క్ రెండూ 250 న్యూటన్ మీటర్లే. పొడవులో జీఎల్ఏ 4,410 మిల్లీమీటర్లు, డస్టర్ 4,341 మిల్లీమీటర్లు. ముందు చక్రాల డ్రైవ్ ఉన్న డస్టర్ డిక్కీ, జీఎల్ఏలోని 435 లీటర్ల డిక్కీ కన్నా చిన్నదేమీ కాదు. అయినా రెండూ పక్కపక్కన అమ్ముడైన మార్కెట్లలో జీఎల్ఏ ధర డస్టర్ ధరకు ఇంచుమించు రెట్టింపు ఉండేది. ఆ అదనపు సొమ్ముకు మనకు చేతికందేది ఏమిటన్నదే ఈ సమీక్షలో తేల్చవలసిన విషయం, ఎందుకంటే బ్రోషర్లోని ఫీచర్ల పట్టికలో దానికి జవాబు దొరకదు.

జవాబులో పెద్ద భాగం కారు కింద, తలుపుల లోపల, సీట్ల నురుగులో దాగి ఉంటుంది. ముందు చక్రాల డ్రైవ్ డస్టర్‌లో వెనుక చక్రాలను టార్షన్ బీమ్ అనే ఒకే ఉక్కు దూలం కలుపుతుంది, కాబట్టి ఒక చక్రం గుంతలో పడినప్పుడు రెండో చక్రానికి కూడా ఆ కదలిక కొంత చేరుతుంది. జీఎల్ఏలో వెనుక మల్టీలింక్ సస్పెన్షన్ ఉంటుంది; ప్రతి చక్రానికీ దాన్ని పట్టి ఉంచే కడ్డీలు (ఆర్మ్‌లు) దానికే ఉండటం వల్ల వేగంగా వెళ్తున్నప్పుడు ఎగుడుదిగుళ్లు వచ్చినా వెనుక భాగం అంతగా పక్కకు జరగదు, వెనుక కూర్చున్నవారికి తల అంతగా అటూ ఇటూ ఊగదు. రెండు కార్లనూ నడిపినప్పుడు ఇంజిన్ లాగే తీరులో నాకు పెద్ద తేడా కనిపించలేదు గానీ, గంటకు 100 కిలోమీటర్లు దాటిన తర్వాత అవి రెండూ వేర్వేరు లోకాలకు చెందిన బండ్లని స్పష్టంగా తెలిసింది. జీఎల్ఏలో గాలి చప్పుడు, టైర్ల రొద బాగా తగ్గిపోయి, వెనుక సీటులోని వారితో మామూలు గొంతుతోనే మాట్లాడగలిగాను. డస్టర్‌లో అదే వేగంలో గొంతు కొంచెం పెంచక తప్పలేదు. తలుపుల చుట్టూ రబ్బరు సీళ్లు, నేల కింద శబ్దాన్ని పీల్చే పొరలు, ఇంజిన్ బిగింపుల నాణ్యత వంటివి ఏ పట్టికలోనూ ఫీచర్లుగా కనిపించవు, కానీ రోజూ దూరప్రయాణం చేసేవారి అలసటను తగ్గించేవి అవే.

అయితే ఈ మాట అన్ని రోడ్లకూ వర్తించదు. నెమ్మదిగా, బాగా చెడిపోయిన రోడ్డు మీద వెళ్లేటప్పుడు 200 మిల్లీమీటర్లకు పైబడిన గ్రౌండ్ క్లియరెన్స్, మందమైన టైర్లు ఉన్న డస్టర్ నిబ్బరంగా సాగిపోతుంది; పెద్ద అల్లాయ్ చక్రాలు, సన్నని టైర్లు వేసుకున్న ప్రీమియం కారు అక్కడే ప్రతి రాయినీ లోపలికి చేరవేస్తుంది. అందం కోసం 19 లేదా 20 అంగుళాల చక్రాలు ఎంచుకునేవారు, తాము అదనంగా చెల్లిస్తున్న సొమ్ముతో సౌకర్యాన్ని తగ్గించుకుంటున్నారన్నది నా గట్టి అభిప్రాయం.

ఇక పరికరాల సంగతి. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. బడ్జెట్ కంపెనీలు టాప్ వేరియంట్‌లో పెద్ద టచ్‌స్క్రీన్, 360 డిగ్రీల కెమెరా, పనోరమిక్ సన్‌రూఫ్, చల్లగాలి వచ్చే సీట్లు అన్నీ కలిపి ఒకే ధరకు ఇస్తాయి. జర్మన్ కంపెనీలు బేస్ వేరియంట్‌ను వీలైనంత తక్కువ ధరకు ప్రకటించి, మిగతావన్నీ ప్యాకేజీలుగా విడగొట్టి అమ్మే పద్ధతిని దశాబ్దాలుగా పాటిస్తున్నాయి. ఫలితంగా ప్రకటనలో కనిపించే ధరకు దొరికే ప్రీమియం కారులో, దానికన్నా చాలా చవకైన కారులో ఉన్న హంగులు కూడా ఉండకపోవచ్చు. 2022లో బీఎండబ్ల్యూ ఈ పద్ధతిని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లింది: సీటును వేడిచేసే పరికరాన్ని కారులో ముందే అమర్చి, దాన్ని వాడుకోవడానికి కొన్ని దేశాల్లో నెలవారీ చందా అడిగింది. కొనుగోలుదారుల నుంచి వ్యతిరేకత రావడంతో 2023లో ఆ ఆలోచనను విరమించుకుంది. కారుతోపాటే డబ్బు చెల్లించి ఇంటికి తెచ్చుకున్న వస్తువుకు మళ్లీ అద్దె కట్టమనడం అన్యాయమే, ఆ వ్యతిరేకత పూర్తిగా సబబైనదే.

యూరప్‌లో వచ్చిన మూడో తరం డస్టర్ బేస్ వేరియంట్‌లో మధ్యన టచ్‌స్క్రీనే ఉండదు. డ్యాష్‌బోర్డు మీద ఫోన్ పెట్టుకునే బిగింపు ఇచ్చి, ఆ ఫోన్‌నే తెరగా వాడుకోమంటారు. ఈ నిజాయితీ నాకు నచ్చింది. నాసిరకం తెర కన్నా మన చేతిలోని ఫోన్ వేగంగా పనిచేస్తుంది, పైగా ఐదేళ్ల తర్వాత పాతబడిన తెరతో కుస్తీ పట్టే అవసరం ఉండదు.

ఈ రెండు కొసల మధ్య ఇంకో దారి కూడా ఉంది, నా దృష్టిలో అదే ఎక్కువమందికి తగినది. ఆడి క్యూ3 రెండో తరం, స్కోడా కరోక్ రెండూ ఫోక్స్‌వాగన్ గ్రూపు తన చాలా మోడళ్లకు ఉమ్మడిగా వాడే ఎమ్‌క్యూబీ అనే పునాది (ప్లాట్‌ఫామ్) మీదే తయారయ్యాయి. 150 హార్స్‌పవర్ ఇచ్చే 1.5 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్ రెండింటిలోనూ ఉంది. రెండు క్లచ్‌లతో గేర్లను తనంతట తానే మార్చే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌ను క్యూ3లో ఎస్ ట్రానిక్ అని, కరోక్‌లో డీఎస్‌జీ అని పిలుస్తారు. డిక్కీ క్యూ3లో 530 లీటర్లు, కరోక్‌లో 521 లీటర్లు. క్యూ3 లోపలి అలంకరణ, తెరల స్పష్టత, స్విచ్చుల మెత్తదనం నిస్సందేహంగా మెరుగ్గా ఉంటాయి. కానీ జీఎల్ఏకూ డస్టర్‌కూ మధ్య ఉన్నంత లోతైన తేడా ఇక్కడ లేదు, అందుకే క్యూ3 బేస్ వేరియంట్‌కు పెట్టే డబ్బుతో కరోక్ పై వేరియంట్ తీసుకోవడం మేలని చెప్పడానికి నేను వెనుకాడను.

భద్రత విషయంలో మాత్రం ధర కన్నా ముందు చూడవలసింది క్రాష్ టెస్ట్ ఫలితం. యూరప్‌లో కొత్త కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే సంస్థ యూరో ఎన్‌క్యాప్ పరీక్షల్లో డస్టర్ రెండో తరానికి 2017లో 3 స్టార్లు, మూడో తరానికి 2024లో మళ్లీ 3 స్టార్లే వచ్చాయి. వోల్వో ఎక్స్‌సీ40, ఆడి క్యూ3 2018లోనూ, బీఎండబ్ల్యూ ఎక్స్1 మూడో తరం 2022లోనూ 5 స్టార్లు సాధించాయి. వేర్వేరు సంవత్సరాల స్టార్లను యథాతథంగా పోల్చకూడదు, ఎందుకంటే పరీక్షలు ఎప్పటికప్పుడు కఠినమవుతుంటాయి. స్టార్లు తగ్గడానికి ఢీకొన్నప్పటి రక్షణతోపాటు, ప్రమాదాన్ని ముందే తప్పించే సాంకేతికత పనితీరు కూడా కారణం కావచ్చు. కాబట్టి మొత్తం స్టార్లతో సరిపెట్టుకోకుండా, ఈ కార్ల ఫలితాల్లో ఉన్న పెద్దలు, పిల్లలు, పాదచారులు, డ్రైవర్‌కు తోడ్పడే సాంకేతికత అనే నాలుగు విభాగాల మార్కులను విడివిడిగా చదవాలని నా మనవి. వెనుక సీటులో పిల్లలు కూర్చునే కుటుంబం, పిల్లల విభాగంలో మంచి మార్కులున్న కారును సన్‌రూఫ్ కోసం వదులుకోవడం నాకు మింగుడుపడని విషయం. యూరోపియన్ యూనియన్‌లో 2024 జూలై నుంచి రిజిస్టర్ అయ్యే ప్రతి కొత్త కారులోనూ ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్, లేన్ తప్పకుండా చూసే వ్యవస్థ, వేగపరిమితిని గుర్తుచేసే వ్యవస్థ తప్పనిసరి కావడంతో ఒకప్పుడు ప్రీమియం కార్లకే పరిమితమైన ఈ పరికరాలు అక్కడ చవక కార్లలోకీ వచ్చేశాయి. ఇటువంటి నిబంధన లేని దేశాల్లో అవి ఏ వేరియంట్ నుంచి మొదలవుతాయో అడిగి తెలుసుకోవాలి.

కొన్న తర్వాతి ఖర్చులు సాధారణంగా ప్రీమియం కారుకే ఎక్కువ. సర్వీసింగ్, విడిభాగాలు, టైర్లు, బీమా అన్నీ బ్రాండ్ స్థాయిని బట్టి పెరుగుతాయి. వారంటీ మాత్రం అందుకు వ్యతిరేకంగా నడవడం చాలామంది గమనించని సంగతి. అమెరికాలో బీఎండబ్ల్యూ కొత్త కారుకు 4 సంవత్సరాలు లేదా 50,000 మైళ్ల వారంటీ ఇస్తుండగా, హ్యుందాయ్, కియా అక్కడే ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు మొదటి యజమానికి 10 సంవత్సరాలు లేదా 1,00,000 మైళ్ల హామీ ఇస్తున్నాయి. యూరప్‌లో కియా వారంటీ 7 సంవత్సరాలు లేదా 1,50,000 కిలోమీటర్లు. ఒక కారును ఎనిమిది, పదేళ్లు ఉంచుకునే అలవాటున్నవారు షోరూమ్ ధరల తేడా పక్కన ఈ అంకెలను కూడా రాసుకుని చూడాలి.

షోరూముకు వెళ్లినప్పుడు, ప్రీమియం బేస్ వేరియంట్‌నూ అదే ధరకు దొరికే సాధారణ కంపెనీ టాప్ వేరియంట్‌నూ ఒకే రోజు, ఒకే దారిలో నడిపి చూడండి. టెస్ట్ డ్రైవ్‌కు సాధారణంగా ఖరీదైన వేరియంట్‌నే ఇస్తారు కాబట్టి, మీరు కొనదలచిన వేరియంట్‌లో ఉండే చక్రాలు, సీట్లు, హెడ్‌లైట్లు ఉన్న కారే కావాలని పట్టుబట్టండి. వెనుక సీటులో కనీసం పావుగంట కూర్చోండి. వీలైతే చీకటి పడ్డాక ఒకసారి నడపండి, ఎందుకంటే ఎదురు వాహనాల కళ్లలో పడకుండా వెలుగును తనంతట తానే సర్దుకునే మ్యాట్రిక్స్ ఎల్ఈడీ హెడ్‌లైట్లు ప్రీమియం కార్లలో డబ్బుకు తగిన విలువ ఇచ్చే కొద్ది పరికరాల్లో ఒకటి. బేస్ వేరియంట్‌లో అవి లేకపోతే, ఆ కారు మీద ఉన్న లోగో కోసమే అదనపు సొమ్ము చెల్లిస్తున్నారా అని అమ్మకందారు ఎదుటే లెక్క వేసుకోండి.