రికార్డా, ఫైలా: పాత పాట వినడానికి ఏది మేలు?

ధ్వని నాణ్యత ఒక్కటే లెక్క అయితే ఈ పోటీ 1982లోనే ముగిసింది. సోనీ, ఫిలిప్స్ కలిసి తయారుచేసిన సీడీ ఆ ఏడాది జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. అప్పటి నుంచి కొలవగలిగిన దాదాపు ప్రతి అంశంలోనూ నల్ల రికార్డు వెనకే ఉంది. అయినా ఒక పాత ఎల్పీని, ఫోనులో దొరికే అదే పాటను వెంటవెంటనే వింటే చాలామంది రికార్డుకే ఓటేస్తారు. వాళ్ల చెవుల్లో లోపమేమీ లేదు. ఆ రెండింటినీ వేర్వేరు మనుషులు, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అభిరుచులతో తయారుచేశారు. తేడా ఎక్కువగా అక్కడే ఉంది.

ముందు కొలతల సంగతి తేల్చేద్దాం. కర్ణాటక సంగీతం రికార్డులో గాయకుడు గొంతెత్తక ముందు తంబురా ఒక్కటే మోగే కొన్ని క్షణాలుంటాయి. పరీక్షకు అంతకన్నా మంచి చోటు లేదు. తంబురా కింద సన్నని బుస, మధ్యమధ్య చిటపటలు వినిపిస్తాయి. సూది గాడిలో రాసుకుంటూ పోతున్నప్పుడు అది తప్పదు. బాగా ఉంచుకున్న ఎల్పీలో అతి మెల్లని ధ్వనికీ, అతి పెద్ద ధ్వనికీ మధ్య అంతరం 60 నుంచి 70 డెసిబెల్స్. ధ్వనిని పదహారు బిట్ల (0, 1 అంకెల) సంఖ్యలుగా రాసుకునే సీడీలో అది 96. ప్రతి 10 డెసిబెల్స్‌కు శక్తి పదింతలవుతుంది కాబట్టి ఈ తేడా చిన్నదేమీ కాదు.

మనవాళ్లకు ఇంతకన్నా ముఖ్యమైనది శ్రుతి. రికార్డు మధ్యలోని రంధ్రం కచ్చితంగా కేంద్రంలో పడాలి. ఒక మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. కేంద్రం నుంచి పది సెంటీమీటర్ల దూరంలోని గాడిలో సూది కింద వేగం ఒక శాతం పెరుగుతూ, ఒక శాతం తగ్గుతూ ఉంటుంది. అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో ఇంచుమించు ఆరో వంతు మేర స్వరం పైకీ కిందికీ ఊగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే ఎల్పీలో ఈ ఊగుడు 1.8 సెకన్లకోసారి వస్తుంది. డప్పుల పాటలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. వీణ మీద నిలిపిన షడ్జమంలో మాత్రం దాచడం కుదరదు. తయారీలోనే కేంద్రం తప్పిన రికార్డులు అరుదేమీ కాదు. ఫైలుకు ఈ బాధే లేదు.

మూడోది గాడి ఆకారంలోనే ఉన్న చిక్కు. రికార్డు ఒకే వేగంతో తిరిగినా, అంచు దగ్గర సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల గాడి నడుస్తుంది. లోపలి చివరి పాటకు వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే ధ్వనిని సగం కన్నా తక్కువ చోటులో ఇరికించాలి. అందుకే ఒక పక్కన చివరి పాటలో స, శ, ష అక్షరాలు బుసకొట్టినట్టు, కాస్త చిరిగినట్టు వినిపిస్తాయి. మంద్రస్థాయి ధ్వనుల గాడి మరీ వెడల్పయిపోతుంది కాబట్టి గాడి కోసేటప్పుడే వాటిని తగ్గించి, హెచ్చుస్థాయి ధ్వనులను పెంచుతారు. వినేటప్పుడు యాంప్లిఫయర్ దాన్ని తిరగేస్తుంది. 1954లో అమెరికాలో ఈ లెక్కకు కుదిరిన ప్రమాణమే తర్వాత ప్రపంచమంతా స్థిరపడింది.

ఇక డిజిటల్ మీద తరచూ వినిపించే ఆరోపణ ఒకటుంది: ధ్వనిని ముక్కలుగా కోస్తుంది, తరంగం మెట్లమెట్లుగా తయారవుతుంది అని. బొమ్మ వేసి చూపిస్తే ఎవరైనా నమ్ముతారు. ఆ బొమ్మే తప్పు. సెకనుకు 44,100 నమూనాలు తీస్తే, 22,050 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) లోపు ఉన్న ధ్వని తరంగం ఆ చుక్కల గుండా ఒకే ఒక్కటి పోగలదు. మధ్యలో పోయిందేమీ ఉండదు. స్పీకరుకు చేరేది నున్నని తరంగమే. మనిషి చెవి హద్దు పసితనంలో 20,000 హెర్ట్జ్. యాభై దాటాక అది ఎంత తగ్గుతుందో ఈ వాదన చేసే పెద్దమనుషులు ఒకసారి పరీక్ష చేయించుకుంటే మంచిది.

ఈ వివాదంలో నాకు అన్నిటికన్నా బాగా గుర్తుండేది 2022లో అమెరికాలో బయటపడ్డ సంగతి. మొబైల్ ఫిడెలిటీ అనే సంస్థ పాత మాస్టరు టేపుల (స్టూడియోలో తయారైన అసలు టేపుల) నుంచి ఖరీదైన రికార్డులు తయారుచేస్తుంది. అసలైన అనలాగ్ ధ్వని, అంటే ఎక్కడా అంకెలుగా మార్చనిది అంటే అదేనని రికార్డు ప్రియులు ఏళ్ల తరబడి మెచ్చుకున్నారు. తీరా చూస్తే ఆ రికార్డుల్లో చాలావాటికి మధ్యలో ఒక డిజిటల్ దశ ఉందని తేలింది. కేసులు కూడా నడిచాయి. కొన్నవాళ్ల కోపం న్యాయమే, చెప్పకుండా అమ్మడం తప్పు. కానీ అన్నాళ్లూ ఆ డిజిటల్ దశ చెవికి దొరకలేదు. అసలు 1970ల్లోనే డిజిటల్‌లో రికార్డు చేసి ఎల్పీలుగా అమ్మినవి ఉన్నాయి. ఇవాళ కొత్తగా వచ్చే ఎల్పీల్లో ఎక్కువభాగం డిజిటల్ ఫైలు నుంచి కోసినవే.

మరి పాత పాట రికార్డులోనే బాగుందని ఎందుకు అనిపిస్తుంది? కొంత వరకు ఆ లోపాలే కారణం. రికార్డు చేర్చే కొద్దిపాటి ధ్వని వక్రీకరణ చెవికి హాయిగానే ఉంటుంది. దాన్నే వెచ్చదనం అంటారు. ఇష్టపడితే తప్పు లేదు, కాకపోతే అది స్టూడియోలో ఉన్నది కాదు, తర్వాత చేరింది. అసలు నేరం మాత్రం చాలాసార్లు ఫైలు తయారుచేసినవారిదే. పాత తెలుగు పాటల సీడీలు, ఫైళ్లు వింటూ పోతే మూడు రకాల పాపాలు కనిపిస్తాయి. ఒకటి, బుస తీసేసే సాఫ్ట్‌వేరును చేయి దాటనివ్వడం. బుసతో పాటు తంబురా మీది సన్నని మెరుపు, వేణువు ఊదుడులోని గాలి, గాయకుడు ఊపిరి పీల్చే చప్పుడు కూడా పోతాయి. గొంతు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టుంటుంది. రెండు, మోనోలో రికార్డయిన పాటను ఎడమ కుడిలుగా చీల్చి, ప్రతిధ్వని పోసి, కొన్నిసార్లు కొత్త తాళం కూడా తగిలించి స్టీరియో అని అమ్మడం. మూడు, ధ్వనిని అంతటినీ ఒకే ఎత్తుకు నొక్కి పెంచడం. పల్లవి మెల్లగా మొదలై చరణంలో ఎగసే పాట మొదటి నుంచీ అరుస్తున్నట్టుంటుంది.

ఇంటర్నెట్‌లో ఎవరో ఎక్కించిన పాటల కథ వేరు. వాటిలో చాలావరకు సినిమా ప్రింటు నుంచి తీసినవి. ఫిల్ము అంచున కాంతితో ముద్రించిన పాతకాలపు ధ్వనికి పై స్థాయిలు సరిగా అందేవి కావు. అదే పాట గ్రామఫోను రికార్డులో ఎక్కువ స్పష్టంగా ఉండేది. మరోవైపు పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డు ఒక పక్కకు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. పాట అంతకు మించితే చరణం కోసేయాలి, లేదా తిప్పి రెండో పక్క వేసుకోవాలి. కాబట్టి పాత పాట ప్రియుడికి ఏది మేలు అన్న ప్రశ్నకు ముందు ఇంకో ప్రశ్న ఉంది: ఈ ప్రతి ఎక్కడి నుంచి వచ్చింది? మాస్టరు టేపు నుంచి జాగ్రత్తగా తీసిన ఫైలు ఉంటే రికార్డు దాని ముందు నిలవదు. సినిమా ప్రింటు నుంచి తీసిన ఫైలయితే, శుభ్రంగా ఉన్న రికార్డు సులువుగా గెలుస్తుంది.

శుభ్రంగా ఉన్న రికార్డు అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. జనం మెచ్చిన రికార్డే ఎక్కువ అరిగిపోతుంది. ఎం.ఎస్.సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ 1963లో హెచ్ఎంవీ నుంచి వచ్చింది. అలాంటిది ఇళ్లలో, గుళ్లలో రోజూ పొద్దున్నే తిరిగిన వస్తువు. సెకండ్‌హ్యాండ్‌లో దొరికే రికార్డు ఎంత బరువైన సూదుల కింద నలిగిందో అట్ట చూసి చెప్పలేం. దీపం వెలుతురులో వాల్చి చూడండి. గాడులు నిగనిగలాడకుండా బూడిదరంగుకు తిరిగి ఉంటే వదిలేయండి. అది మురికి కాదు, అరుగుదల. ఎన్నిసార్లు కడిగినా పోదు.

డిజిటల్‌కు కూడా చివరి అడుగులో కాలు జారుతుంది. ఆపిల్ మ్యూజిక్ 2021లో అదనపు రుసుము లేకుండా, ధ్వనిలో ఏదీ పోని (లాస్‌లెస్) నాణ్యత ఇచ్చింది. దాన్ని బ్లూటూత్ స్పీకరులో వింటే ధ్వనిలో కొంత మామూలుగా దారిలోనే పోతుంది. మంచి ఫైలు, చవక స్పీకరు పెట్టి, మంచి రికార్డు, పెద్ద స్పీకర్లతో పోల్చి తీర్పు చెప్పడం మామూలైపోయింది.

కొత్త పాటల కోసమే అయితే టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం) కొనకండి. ఆ డబ్బు స్పీకర్ల మీద పెడితే తేడా వెంటనే వినిపిస్తుంది. పెద్ద అట్ట, రికార్డు తిప్పి పెట్టే పని నచ్చితే కొనుక్కోండి, ఆ ఆనందం వేరు. ఇంట్లో తాతల నాటి రికార్డులుంటే, వాటిలో ఫైలుగా దొరకనివి, దొరికినా పాడుచేసినవి ఉంటే, అప్పుడు టర్న్‌టేబుల్‌కు నిజమైన పని ఉంది. 78 రికార్డులకు ఎల్పీ సూది పనికిరాదు, గాడి వెడల్పు వేరు, దానికి లావైన సూది అడగండి. లక్కతో చేసిన ఆ పాత రికార్డులను స్పిరిట్‌తో తుడవవద్దు, పై పొర కరిగిపోతుంది. ఒకసారి శుభ్రం చేసి, 24 బిట్లలో కంప్యూటర్‌లోకి ఎక్కించండి. బుస తీసే మీట ముట్టని ప్రతిని అలాగే ఉంచి, సరిదిద్దినది వేరే ఫైలుగా దాచుకోండి. మెరుగైన సాఫ్ట్‌వేరు వచ్చినప్పుడు మీ మనవలు ఆ మొదటి ప్రతి నుంచే పని మొదలుపెడతారు.